ఓఎస్ అప్‌గ్రేడ్ తర్వాత సీపీయూ స్పీడ్ తప్పుగా చూపిస్తుంటే

లినక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటులో 22.04 నుంచి 24.04కి మారిన మర్నాడే ప్రాసెసర్ 400 మెగాహెర్ట్జ్ దగ్గర కూర్చున్నట్టు కనబడుతుంది. విండోస్ 11 ఎక్కించిన సిస్టమ్‌లో టాస్క్ మేనేజర్ ఒక స్పీడ్ చూపిస్తే, ఆఫీసు ఇన్వెంటరీ రిపోర్టు ఇంకో స్పీడ్ చూపిస్తుంది. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి విశాఖలో మధురవాడ ఐటీ ఆఫీసుల నుంచి గాజువాకలోని అకౌంట్స్ పని చేసే షాపుల దాకా అందరూ ఈ మధ్య అప్‌గ్రేడ్లు చేశారు, ఇదే ప్రశ్న అడుగుతున్నారు. చాలాసార్లు ప్రాసెసర్ ఎప్పట్లాగే నడుస్తుంటుంది. దాని వేగాన్ని కొలిచే పద్ధతి, లేదా ఆ వేగాన్ని నడిపే డ్రైవర్ మారిపోయి ఉంటుంది. కొన్నిసార్లు మాత్రం వేగం నిజంగానే పడిపోతుంది. ఈ రెంటిలో ఏదో తేల్చుకోకుండా సెట్టింగులు ముట్టుకుంటే బాగున్న సిస్టమ్‌ను చేతులారా పాడుచేసుకున్నట్టే.

ఒక మాట. ఆదేశాలనూ ఫైళ్ల పేర్లనూ ఇక్కడ పలికే తీరులో రాశాం. టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే కొట్టాలి. గీత (-), కింది గీత (_), స్లాష్ (/) ఇక్కడ ఎక్కడ కనిపిస్తే అక్కడే ఉంచాలి.

ముందు పని కొలవండి, అంకె తర్వాత

స్పీడ్ అంకెను పక్కనపెట్టి, ఎప్పుడూ ఒకేలా ఉండే పనొకటి సిస్టమ్‌కు ఇవ్వండి. ఒక జీబీ ఫైలును కంప్రెస్ చేయడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకున్నా చాలు, సెవెన్-జిప్‌లో ఉండే బెంచ్‌మార్క్ నడిపినా చాలు. మూడుసార్లు చేసి మధ్య విలువ తీసుకోండి. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టే ఉంచాలి.

లినక్స్ వాడేవాళ్లకు ఇక్కడ మంచి సౌకర్యం ఉంది. అప్‌గ్రేడ్ అయిన వెంటనే పాత కెర్నల్ (ఓఎస్‌కు గుండెలాంటి ప్రోగ్రామ్) డిస్కులోంచి పోదు. బూట్ అయ్యేటప్పుడు గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నల్‌ను ఎంచుకుని అదే పని చేయించండి. కొత్త కెర్నల్‌లో 62 సెకన్లు, పాతదాంట్లో 61 సెకన్లు పడితే ప్రాసెసర్‌కు ఏమీ కాలేదు, కొలతలోనే తేడా ఉందని అర్థం. 62, 40 అయితే మాత్రం నిజంగానే నెమ్మదించింది. ఈ పోలిక పూర్తయ్యేదాకా ఆప్ట్ ఆటోరిమూవ్ నడపొద్దు. అది పాత కెర్నళ్లను తుడిచేస్తుంది, ఆ తర్వాత పోల్చుకోవడానికి ఏమీ మిగలదు. చాలామంది అప్‌గ్రేడ్ అయిన పది నిమిషాల్లోనే ఆ పని చేసి ఇబ్బంది పడుతున్నారు.

లినక్స్: ఏ అంకెను నమ్మాలి

స్పీడ్ చూపించే చోట్లు చాలా ఉన్నాయి. అవన్నీ కొలిచేది ఒకే విషయాన్ని కాదు. తికమకంతా అక్కడే మొదలవుతుంది.

ఇప్పటి ఇంటెల్, ఏఎండీ చిప్‌లలో ప్రతి కోర్‌కూ రెండు లెక్కింపు రిజిస్టర్లు ఉంటాయి. ఎంపెర్ఫ్ స్థిరమైన బేస్ వేగంతో (చిప్‌కు తయారీదారు చెప్పే మామూలు వేగం) లెక్కపెడుతుంది. ఏపెర్ఫ్ కోర్ అప్పుడు నిజంగా ఎంత వేగంతో నడుస్తోందో ఆ వేగంతో లెక్కపెడుతుంది. కోర్ నిద్రలోకి వెళ్తే రెండూ ఆగిపోతాయి. కొంత వ్యవధిలో ఈ రెండూ ఎంతెంత పెరిగాయో చూసి, ఆ నిష్పత్తిని బేస్ వేగంతో గుణిస్తే మెలకువగా ఉన్నంతసేపూ కోర్ నడిచిన సగటు వేగం వస్తుంది. నమ్మదగిన లెక్క ఇదే. దీన్ని నేరుగా చూపించే సాధనం టర్బోస్టాట్.

ఉబుంటులో ఇది లినక్స్-టూల్స్ ప్యాకేజీలో వస్తుంది. అప్‌గ్రేడ్ తర్వాత టర్బోస్టాట్ కొడితే ఈ కెర్నల్‌కు తగిన టూల్ లేదని హెచ్చరిక వస్తుంది. భయపడక్కర్లేదు. ఆ టూల్ కెర్నల్ వెర్షన్‌కు ముడిపడి ఉంటుంది, పాత కెర్నల్‌దే ఇంకా మిగిలి ఉంది, అంతే. యూనేమ్ -ఆర్ కొడితే కెర్నల్ పూర్తి పేరు వస్తుంది. లినక్స్-టూల్స్- పక్కన ఆ పేరు చేర్చి ఇన్‌స్టాల్ చేయండి.

ఇప్పుడు రెండు టెర్మినళ్లు తెరవండి. మొదటిదాంట్లో

టాస్క్‌సెట్ -సి 2 యెస్ > /డెవ్/నల్

అని కొట్టండి. ఇది సీపీయూ 2 ఒక్కదానికే పూర్తి లోడ్ ఇస్తుంది. రెండోదాంట్లో సుడో టర్బోస్టాట్ --ఇంటర్వెల్ 2 నడపండి. వచ్చే పట్టికలో నాలుగు నిలువు వరసలు చూస్తే చాలు: బిజీ శాతం, బిజీ మెగాహెర్ట్జ్ (బీజెడ్‌వై అని ఉంటుంది), యావరేజ్ మెగాహెర్ట్జ్, టీఎస్‌సీ మెగాహెర్ట్జ్.

ఉదాహరణకు సీపీయూ 2 వరసలో బిజీ 99.8 శాతం, బిజీ మెగాహెర్ట్జ్ 4190, యావరేజ్ 4182 ఉన్నాయనుకోండి. పక్కనే సీపీయూ 5 వరసలో బిజీ 1.2 శాతం, బిజీ మెగాహెర్ట్జ్ 1400, యావరేజ్ 17 ఉన్నాయి. ఆ 17 చూసి కంగారు పడతారు. అది స్పీడ్ కాదు. 1400ను 1.2 శాతంతో గుణిస్తే వచ్చే 16.8 అది. ఆ కోర్ నిద్రపోయిన సమయాన్ని కూడా కలుపుకున్న సగటు. కోర్ స్పీడ్ కావాలంటే బిజీ మెగాహెర్ట్జే చూడాలి. మీ మానిటరింగ్ డాష్‌బోర్డులో అప్‌గ్రేడ్ తర్వాత అంకెలు ఒక్కసారిగా కుప్పకూలితే, కొత్త వెర్షన్ టూల్ యావరేజ్ కాలమ్‌ను చదువుతోందేమో మొదట చూడండి. సీపీయూ 2 వరసలోని 4190 మీ చిప్ బూస్ట్ వేగానికి (లోడ్ ఉన్నప్పుడు బేస్ దాటి వెళ్లే వేగం) దగ్గరగా ఉంటే ప్రాసెసర్ సక్రమంగానే ఉన్నట్టు. పరీక్ష అయ్యాక మొదటి టెర్మినల్‌లో కంట్రోల్-సి కొట్టడం మరవకండి.

టీఎస్‌సీ (స్థిరమైన వేగంతో సమయాన్ని లెక్కపెట్టే కౌంటర్) మెగాహెర్ట్జ్ కూడా ఒకసారి చూడండి. చాలా చిప్‌లలో అది బేస్ వేగం చుట్టుపక్కలే ఉండాలి. పై గుణకారానికి ఆధారమే బేస్ విలువ కాబట్టి, అది తప్పితే అన్ని కోర్ల లెక్కా ఒకే నిష్పత్తిలో తప్పుతుంది. సుడో డీమెసేజ్ (టైపు చేసేది డి-ఎం-ఇ-ఎస్-జి) అవుట్‌పుట్‌లో టీఎస్‌సీ అన్న మాట వెతికితే, బూట్ సమయంలో కెర్నల్ ప్రాసెసర్‌ను ఎన్ని మెగాహెర్ట్జ్‌గా గుర్తించిందో కనబడుతుంది. 2.9 గిగాహెర్ట్జ్ చిప్‌కు 2900 చుట్టూ రావాలి. బయాస్‌లో బేస్ క్లాక్ మార్చి ఉంటే ఇది తప్పుతుంది.

ఖాళీగా ఉన్న కోర్ల అంకెలు ఎందుకు మారతాయి

/ప్రాక్/సీపీయూఇన్ఫో ఫైలులో వచ్చే సీపీయూ మెగాహెర్ట్జ్ విలువను లెక్కకట్టే తీరు కెర్నల్‌లో చాలాసార్లు మారింది. ఒకప్పుడు ఆ ఫైలు చదివితే చాలు, కెర్నల్ ప్రతి కోర్‌నూ పలకరించి కొలిచేది. నిద్రలో ఉన్న కోర్లు అందుకోసం లేచి, లేచిన వేగాన్నే చూపించేవి. కొత్త కెర్నళ్లు అలా లేపవు. కోర్ పనిలో ఉన్నప్పుడు టిక్ టిక్‌కూ తీసుకున్న కొలతనే చూపిస్తాయి. కొలత పాతబడితే, అంటే దాదాపు 20 మిల్లీసెకన్లకు పైగా కోర్ ఖాళీగా ఉంటే, దాన్ని వదిలేసి డ్రైవర్ దగ్గరున్న విలువనో బేస్ విలువనో ఇస్తాయి. అందుకే అప్‌గ్రేడ్ తర్వాత ఏ పనీ లేని సిస్టమ్‌లో కోర్లన్నీ ఒకే అంకె చూపిస్తూ కదలకుండా కనిపించవచ్చు. నిద్రపోయే కోర్‌కు వేగం అంటూ ఏదీ ఉండదు. ఆ అంకెల సగటు తీసి గ్రాఫ్ గీసే స్క్రిప్టులను ఇక ఆపేయడం మంచిది.

ఎల్‌ఎస్‌సీపీయూ కూడా మారింది. ఉబుంటు 20.04లో సీపీయూ మెగాహెర్ట్జ్ అని ఒక వరస ఉండేది. 24.04లో దాని బదులు స్కేలింగ్ మెగాహెర్ట్జ్ అంటూ శాతం వస్తుంది. 38 శాతం అని ఉంటే ప్రాసెసర్ సామర్థ్యం తగ్గిందని కాదు, ఆ క్షణంలో గరిష్ఠ వేగంలో 38 శాతం దగ్గర ఉందని.

ఇంటెల్ 12వ తరం నుంచి పెద్ద కోర్లూ చిన్న కోర్లూ కలిపి ఇస్తున్నారు, వాటి గరిష్ఠ వేగాలు వేర్వేరు. అలాంటి చిప్‌లో అన్ని కోర్లకూ కలిపి ఒకే సగటు చూడటం తప్పు. ఎల్‌ఎస్‌సీపీయూ --ఆల్ --ఎక్స్‌టెండెడ్ కొడితే ఏ కోర్ గరిష్ఠ వేగం ఎంతో విడివిడిగా వస్తుంది.

డ్రైవర్ మారిందా

రైజెన్ సిస్టమ్‌లలో ఎక్కువమందిని తికమకపెట్టేది ఇదే. ఉబుంటు 22.04 మొదటి కెర్నల్ 5.15. అందులో ఏఎండీ చిప్‌లను ఏసీపీఐ-సీపీయూఫ్రీక్ డ్రైవర్ నడిపేది. ఏఎండీ-పీస్టేట్ డ్రైవర్ 5.17లో (2022) వచ్చింది, వేగం ఎంపికను చిప్‌కే వదిలే దాని యాక్టివ్ మోడ్ 6.3లో (2023). 24.04లో ఉన్నది 6.8. హెచ్‌డబ్ల్యూఈ కెర్నల్ (పాత ఉబుంటుకే ఇచ్చే కొత్త కెర్నల్) వాడేవారికి ఈ మార్పు 22.04లో ఉండగానే వచ్చి ఉండొచ్చు.

/సిస్/డివైసెస్/సిస్టమ్/సీపీయూ/సీపీయూ0/సీపీయూఫ్రీక్/ ఫోల్డర్‌లో స్కేలింగ్_డ్రైవర్ ఫైలును క్యాట్‌తో చదవండి. ఏఎండీ-పీస్టేట్-ఈపీపీ అని వస్తే డ్రైవర్ మారినట్టే. దానితో పాటు మరికొన్ని మారతాయి.

పాత డ్రైవర్‌కు తెలిసినవి సాధారణంగా మూడు మెట్లు. కొత్తదానికి మెట్లు లేవు, కింది నుంచి పైదాకా వేగాన్ని ఏ విలువ దగ్గరైనా ఆపగలదు. అందుకే కనిష్ఠ వేగం 400 మెగాహెర్ట్జ్ దగ్గర కనిపిస్తుంది. పని లేనప్పుడు అంత కిందికి దిగితే కరెంటూ వేడీ తగ్గుతాయి, మంచిదే.

గవర్నర్ల (వేగాన్ని ఎలా ఎంచుకోవాలో చెప్పే విధానాలు) జాబితాలో ఇప్పుడు పెర్ఫార్మెన్స్, పవర్‌సేవ్ రెండే ఉంటాయి. పవర్‌సేవ్ అన్న పేరు చూసి సిస్టమ్‌ను కట్టేశారనుకుని వెంటనే పెర్ఫార్మెన్స్‌కు మార్చేవాళ్లున్నారు. ఈ యాక్టివ్ మోడ్‌లో పవర్‌సేవ్ అంటే కనిష్ఠ వేగానికి కట్టేయడం కాదు. పనిని బట్టి చిప్పే వేగాన్ని ఎంచుకుంటుంది, లోడ్ వస్తే బూస్ట్ దాకా వెళ్తుంది. ఇంటెల్-పీస్టేట్ యాక్టివ్ మోడ్‌లోనూ ఇంతే. ఇంకొంచెం చురుకుదనం కావాలంటే అదే ఫోల్డర్‌లో ఎనర్జీ_పెర్ఫార్మెన్స్_ప్రిఫరెన్స్ ఫైలు ఉంది. దాంట్లో బ్యాలెన్స్_పెర్ఫార్మెన్స్ అని రాస్తే సరిపోతుంది. పాత స్క్రిప్టులు ఆన్‌డిమాండ్ గవర్నర్ పెట్టబోతే ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్ అని ఎర్రర్ ఇచ్చి ఆగుతాయి. ఆ గవర్నర్ ఇక్కడ లేదు కాబట్టి ఆ లైను తీసేయాలి.

ఇక అసలు గణాంకాల సంగతి. సీపీయూఫ్రీక్ కింద స్టాట్స్ అనే ఫోల్డర్ ఉండేది. అందులో టైమ్_ఇన్_స్టేట్ ఫైలు ఏ వేగంలో ఎంతసేపు గడిచిందో చెప్పేది. అప్‌గ్రేడ్ తర్వాత ఆ ఫోల్డరే కనబడకపోతే ఏదీ పాడైపోలేదు. మెట్ల పట్టిక ఉన్న డ్రైవర్లకు మాత్రమే కెర్నల్ ఆ లెక్క రాస్తుంది. ఏఎండీ-పీస్టేట్‌కు గానీ ఇంటెల్-పీస్టేట్‌కు గానీ పట్టిక లేదు, ప్యాసివ్ మోడ్‌కు మార్చినా రాదు.

ఆ గణాంకాలు తప్పనిసరి అయితే పాత డ్రైవర్‌కు వెళ్లడమే దారి. /ఈటీసీ/డీఫాల్ట్/గ్రబ్ ఫైలులో కెర్నల్ కమాండ్ లైన్ డీఫాల్ట్ వరసలో, కొటేషన్ గుర్తుల లోపల, ఏఎండీ_పీస్టేట్=డిజేబుల్ అని చేర్చండి. ఇంటెల్ అయితే ఇంటెల్_పీస్టేట్=డిజేబుల్. తర్వాత సుడో అప్‌డేట్-గ్రబ్, రీబూట్. రోజూ వాడుకునే సిస్టమ్‌లో దీన్ని మేం సిఫారసు చేయం. ఒక ఫైలు కోసం బ్యాటరీనీ వేడి నియంత్రణనూ వదులుకున్నట్టవుతుంది. కొలతల కోసమే పెట్టిన సిస్టమ్ అయితే వేరు.

టైమ్_ఇన్_స్టేట్ ఉన్నవాళ్లు దాన్ని ఇలా సరిచూసుకోవచ్చు. ప్రతి వరసలో మొదటి అంకె కిలోహెర్ట్జ్, రెండోది 10 మిల్లీసెకన్ల యూనిట్లు. రెండో కాలమ్ అంతా కూడి 100తో భాగిస్తే సెకన్లు వస్తాయి. బూట్ అయి 5 నిమిషాలైతే మొత్తం 30,000 దగ్గర ఉండాలి. సస్పెండ్‌లో గడిచిన సమయం ఇందులో కలవదు కాబట్టి మూత వేసి తీసిన ల్యాప్‌టాప్‌లో అప్‌టైమ్‌తో పొంతన కుదరదు. ఇంటెల్‌లో పై వరస 2401000 అని ఉంటే వేగం 2.401 గిగాహెర్ట్జ్ అనుకోకండి. బేస్‌కు ఒక మెగాహెర్ట్జ్ కలిపిన ఆ వరస టర్బోకు గుర్తు మాత్రమే. అప్పుడు అసలు వేగం 3.5 అయినా ఉండొచ్చు.

విండోస్ 11లో

టాస్క్ మేనేజర్ పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో స్పీడ్ అని పెద్ద అంకె, బేస్ స్పీడ్ అని చిన్న అంకె ఉంటాయి. మొదటిది పెర్ఫార్మెన్స్ కౌంటర్ల నుంచి లెక్కకట్టింది. దాన్ని మీరే సరిచూడవచ్చు. స్టార్ట్‌లో పెర్ఫ్‌మాన్ తెరిచి, ప్రాసెసర్ ఇన్ఫర్మేషన్ కింద పర్సెంట్ ప్రాసెసర్ పెర్ఫార్మెన్స్ కౌంటర్ చేర్చండి. బేస్ 2.5 గిగాహెర్ట్జ్, కౌంటర్ 140 అయితే స్పీడ్ 3.5. రిసోర్స్ మానిటర్‌లో మాగ్జిమమ్ ఫ్రీక్వెన్సీ 130 శాతం అని వచ్చినా ఇదే లెక్క, తప్పేమీ లేదు. పక్కనే ఉండే ప్రాసెసర్ ఫ్రీక్వెన్సీ కౌంటర్‌ను పట్టించుకోకండి. చాలా సిస్టమ్‌లలో అది బేస్ విలువ దగ్గరే నిలిచి ఉంటుంది.

కౌంటర్లు ఖాళీగా ఉన్నా, సున్నాలు చూపిస్తున్నా, అప్‌గ్రేడ్‌లో వాటి పట్టిక చెడిందని అర్థం. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి సిస్టమ్32 ఫోల్డర్‌లోకి వెళ్లి లాడ్‌సీటీఆర్ /ఆర్ కొట్టండి (ఎల్-ఓ-డి-సి-టి-ఆర్). మొదటిసారి ఎర్రర్ కోడ్ 2 వస్తే మళ్లీ అదే కొట్టండి, రెండోసారి తరచూ పని చేస్తుంది. తర్వాత సిస్‌వావ్64 ఫోల్డర్‌లోనూ అదే చేసి, విన్‌ఎంజీఎంటీ /రీసింక్‌పెర్ఫ్ కొట్టి, రీస్టార్ట్ చేయండి.

ఆఫీసు ఇన్వెంటరీ స్క్రిప్టులది వేరే కథ. సిస్టమ్ వివరాలు అందించే విండోస్ ఏర్పాటు డబ్ల్యూఎంఐలోని కరెంట్ క్లాక్ స్పీడ్ విలువ పేరుకే కరెంట్, మామూలుగా బేస్ వేగాన్నే ఇస్తుంది. పైగా విండోస్ 11 24హెచ్2లో డబ్ల్యూఎంఐసీ ఆదేశం ముందుగా ఇన్‌స్టాల్ అయి రాదు. పాత బ్యాచ్ ఫైళ్లు అందుకే ఖాళీ కాలమ్‌లు ఇస్తున్నాయి. పవర్‌షెల్‌లో గెట్-సిమ్‌ఇన్‌స్టెన్స్‌తో మోడల్ పేరు, బేస్ వేగం తీసుకోండి. నడుస్తున్న వేగం కావాలంటే గెట్-కౌంటర్‌తో పైన చెప్పిన పర్సెంట్ ప్రాసెసర్ పెర్ఫార్మెన్స్‌నే తీసుకోండి.

వేగం నిజంగా తగ్గిందేమో తెలియాలంటే ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి కెర్నల్-ప్రాసెసర్-పవర్ సోర్స్‌తో వడకట్టండి. ఈవెంట్ 55 ప్రతి బూట్‌లోనూ వస్తుంది, అందులో నామినల్ ఫ్రీక్వెన్సీ ఉంటుంది, మామూలే. ఈవెంట్ 37 వస్తుంటే మాత్రం ఆగి చూడాలి. ప్రాసెసర్ వేగాన్ని సిస్టమ్ ఫర్మ్‌వేర్ (బోర్డులోనే ఉండే బయాస్ లాంటి ప్రోగ్రామ్) అదుపు చేస్తోందని, ఎన్ని సెకన్లుగా అలా ఉందో కూడా అది చెబుతుంది. అంటే పగ్గం విండోస్ చేతిలో లేదు. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ వాట్లు చూడండి. తక్కువ వాట్ల చార్జర్, ఫర్మ్‌వేర్ గుర్తించని చార్జర్ పెడితే కొన్ని మోడళ్లు 0.4 లేదా 0.8 గిగాహెర్ట్జ్ దగ్గర నిలబడిపోతాయి. సరైన చార్జర్‌తోనూ అలాగే ఉంటే తయారీదారు సైట్ నుంచి బయాస్, చిప్‌సెట్, థర్మల్ డ్రైవర్లు మీ మోడల్‌కు తగినవి ఎక్కించండి.

పవర్ ప్లాన్‌లో మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ 99 శాతానికి ఉందేమో కూడా చూడండి. ఆ ఒక్క శాతం తగ్గిస్తే చాలు, ఇంటెల్‌లో టర్బో ఆగిపోతుంది. వేసవిలో వేడి తగ్గించుకోవడానికి ఎప్పుడో అలా పెట్టుకుని మరిచిపోయినవాళ్లు చాలామంది, అప్‌గ్రేడ్ ఆ సెట్టింగును అలాగే మోసుకొస్తుంది. 100 చేయండి.

విశాఖ ఎండ, ఉప్పు గాలి

డిసెంబర్‌లో కొలిచిన స్పీడ్‌ను ఏప్రిల్‌లో అప్‌గ్రేడ్ చేసి కొలిచిన దానితో పోల్చకండి. ఏసీ లేని గదిలో వేసవి మధ్యాహ్నం హీట్‌సింక్‌లోకి వెళ్లే గాలే 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. బూస్ట్ కొద్ది నిమిషాల్లోనే పడిపోతుంది, ఆ నింద అప్‌గ్రేడ్ మీదకు వస్తుంది. రుషికొండ, సాగర్‌నగర్ వైపు సముద్రానికి ఎదురుగా కిటికీ ఉన్న ఇళ్లలో ఇంకో సమస్య. తేమతో కలిసిన ఉప్పు, ధూళి హీట్‌సింక్ రెక్కల మధ్య గట్టి పొరలా పేరుకుపోతాయి. గాలి ఊదితే అది రాదు. ఫ్యాన్ విప్పి మెత్తటి బ్రష్‌తో తీయాల్సిందే.

ఇంటెల్ లినక్స్‌లో దీన్ని ఒక్క అంకెతో తేల్చవచ్చు. సీపీయూ0 ఫోల్డర్‌లోని థర్మల్_థ్రాటిల్ కింద ప్యాకేజ్_థ్రాటిల్_కౌంట్ చదివి రాసుకోండి. అన్ని కోర్లకూ పది నిమిషాలు లోడ్ ఇచ్చి మళ్లీ చదవండి. అంకె పెరిగితే వేడి వల్లే వేగం తగ్గుతోంది. అప్పుడు డ్రైవర్లతో పని లేదు, పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి బఠానీ గింజంత కొత్త థర్మల్ పేస్టు వేసి, మళ్లీ అదే పరీక్ష చేయండి.

రాస్ప్‌బెర్రీ పైలో కెర్నల్ అడిగిన వేగం ఒకటి, ఫర్మ్‌వేర్ ఇచ్చేది ఇంకొకటి కావచ్చు. వీసీజెన్‌కమాండ్ (చివర సి-ఎం-డి) మెజర్_క్లాక్ ఆర్మ్ చూపించేదే అసలు వేగం. వీసీజెన్‌కమాండ్ గెట్_థ్రాటిల్డ్ సున్నా కాకుండా వేరే విలువ ఇస్తే వేడో, వోల్టేజ్ తక్కువో, అడాప్టర్‌తో మొదలుపెట్టండి.

వర్చువల్ మిషన్ లోపల ఫ్రీక్వెన్సీ గణాంకాలు వెతక్కండి. సీపీయూఫ్రీక్ ఫోల్డర్ సాధారణంగా అక్కడ ఉండదు, కనిపించే మెగాహెర్ట్జ్ బూట్‌లో రాసిపెట్టిన స్థిరాంకం. కొలవాల్సింది హోస్ట్‌లో.

ఇవన్నీ చూశాక కూడా లోడ్ కింద వేగం బేస్ దాటకపోతే ద్వారకానగర్‌లో ఏ సర్వీస్ షాపుకైనా తీసుకెళ్లేముందు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: ప్రాసెసర్ మోడల్, బయాస్ వెర్షన్, పాత కొత్త కెర్నల్ లేదా విండోస్ బిల్డ్ నంబర్లు, స్కేలింగ్_డ్రైవర్ పేరు, లోడ్ కింద బిజీ మెగాహెర్ట్జ్ లేదా పర్సెంట్ ప్రాసెసర్ పెర్ఫార్మెన్స్, థ్రాటిల్ కౌంట్ ముందూ తర్వాతా, ఈవెంట్ 37 వస్తే దాని సమయం, చార్జర్ వాట్లు, పరీక్ష చేసినప్పటి గది ఉష్ణోగ్రత.